ఆఫీసు రోబోకి పని నేర్పేది ఎవరు?

(హైదరాబాద్‌లో అకౌంట్స్ ఉద్యోగులు, కామర్స్ విద్యార్థులు, చిన్న వ్యాపారుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఇందాక చేతులెత్తమంటే సగానికి పైగా అకౌంట్స్‌లో పనిచేసేవాళ్లే ఉన్నారని తెలిసింది. ఆఫీసుల్లో బిల్లుల లాంటి పనిని సాఫ్ట్‌వేర్ రోబోలకి అప్పగించడం నా పని. అందుకని నేరుగా మీ టేబుల్ దగ్గరికే వస్తాను.

జీడిమెట్లలోనో పాశమైలారంలోనో ఒక మందుల కంపెనీ ఉందనుకోండి. ముడిసరుకు, గాజు సీసాలు, అట్టపెట్టెలు, లారీలు, క్యాంటీన్, సెక్యూరిటీ అన్నీ బయటివాళ్లవే. వాళ్ల బిల్లులు నెలకి రెండు వేలు వస్తాయి. కొన్ని మెయిల్‌లో పీడీఎఫ్‌గా వస్తాయి, కొన్ని కొరియర్‌లో కాగితంగా, కొన్ని వాట్సాప్‌లో ఫోటోగా. అకౌంట్స్‌లో కూర్చున్న అమ్మాయి బిల్లు తెరిచి సప్లయర్ పేరు, నంబరు, తేదీ, జీఎస్‌టీ నంబరు, రేటు, పన్ను చూస్తుంది. ఇంకో స్క్రీన్‌లో పర్చేజ్ ఆర్డర్ తెరుస్తుంది. మరో దాంట్లో సరుకు దింపుకున్నట్టు స్టోర్స్ వాళ్లు వేసిన ఎంట్రీ తెరుస్తుంది. మూడూ కలిస్తే బిల్లు ఎక్కిస్తుంది, కలవకపోతే ఫోన్ పట్టుకుంటుంది. పొద్దున వచ్చింది మొదలు సాయంత్రం దాకా ఇదే పని.

సాఫ్ట్‌వేర్ రోబో అని మనం అనేది ఈ పని చేసే ప్రోగ్రాముని. మీ కంప్యూటర్‌లోనో, సర్వర్ గదిలో ఎవరూ కూర్చోని కంప్యూటర్‌లోనో నడుస్తుంది. మీలాగే లాగిన్ అవుతుంది, మీరు తెరిచే స్క్రీన్లే తెరుస్తుంది, మీరు నొక్కే బటన్లే నొక్కుతుంది. కంపెనీలో ఎప్పటినుంచో ఉన్న సాఫ్ట్‌వేర్‌ని కదిలించనక్కర్లేదు. మేనేజ్‌మెంట్లకి ఇది నచ్చింది అందుకే. రెండు సాఫ్ట్‌వేర్లను లోపలినుంచి కలపమంటే ఐటీ వాళ్ల వెనక నెలల తరబడి తిరగాలి. రోబోని అయితే కొన్ని వారాల్లో పనిలో పెట్టొచ్చు.

దీని చరిత్ర క్లుప్తంగా చెప్తాను. ఇలాంటి రోబోల సాఫ్ట్‌వేర్ అమ్మే కంపెనీల్లో బ్లూ ప్రిజమ్ 2001లో బ్రిటన్‌లో మొదలైంది. ఆటోమేషన్ ఎనీవేర్ 2003లో అమెరికాలో, మొదట వేరే పేరుతో. యూఐపాత్ 2005లో రుమేనియా రాజధాని బుకారెస్ట్‌లో, అదీ వేరే పేరుతోనే. రోబోటిక్ ప్రాసెస్ ఆటోమేషన్ అన్న పేరు మాత్రం 2012 ప్రాంతంలో బ్లూ ప్రిజమ్ వాళ్ల ప్రచారంతో వాడుకలోకి వచ్చింది. అమీర్‌పేట మైత్రివనం చుట్టూ బోర్డుల మీద మీరు చూసే ఆర్‌పీఏ అదే. బ్రిటన్‌లో టెలిఫోనికా ఓటూ అనే మొబైల్ కంపెనీ 2010లో సిమ్ మార్పిడి లాంటి చిన్న పనులతో మొదలుపెట్టింది. 2015 నాటికి 160కి పైగా రోబోలతో నెలకి నాలుగైదు లక్షల లావాదేవీలు నడిపింది. లెస్లీ విల్‌కాక్స్, మేరీ లాసిటీ అనే ఇద్దరు పరిశోధకులు దాన్ని అధ్యయనం చేసి రాశాక ప్రపంచమంతా దీని వైపు చూసింది.

మన ఊరికి దీంతో ఉన్న సంబంధం వేరు. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమయ్యాక పై దేశాల కంపెనీల బిల్లులు, క్లెయిములు, ఖాతాల పని మాదాపూర్‌కీ గచ్చిబౌలికీ ఉప్పల్‌కీ రావడం పెరిగింది. ఎందుకు వచ్చింది? ఇక్కడ జీతాలు తక్కువ, ఇంగ్లిష్ చదువు ఉంది. ఇవి అందరికీ తెలిసిన కారణాలు. ఇంకో కారణం కూడా ఉంది. ఆ పనిని ముక్కలు ముక్కలుగా, మెట్టుమెట్టుగా కాగితం మీద రాయగలిగారు. రాయగలిగారు గనుకే సముద్రం దాటించగలిగారు. అలా రాసి ఉన్న పనినే రోబోకి అప్పగించడం సులువు. పదిహేను, ఇరవై ఏళ్ల కింద మన పిల్లలకి ఉద్యోగాలు తెచ్చిన ఆ కాగితాలే ఇప్పుడు రోబోకి పాఠాలు. అందుకే దీన్ని టెక్నాలజీ వార్తగా చదివి పక్కన పడేయలేం. ఈ ఊళ్లో వేలాది ఇళ్ల అద్దెలు, ఫీజులు, ఈఎంఐలు ఆ పనిమీద నడుస్తున్నాయి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఆ రాసిపెట్టిన కాగితంలో పని మొత్తం ఉండదు. ఈ రోజు నేను చెప్పదలుచుకున్నది ఇదే.

కొంతకాలం కింద ఒక కంపెనీలో బిల్లుల పని రోబోకి మార్చే ముందు, ఆ పని చేసే ఒకావిడ పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాను. మేనేజర్ ఇచ్చిన ప్రాసెస్ డాక్యుమెంట్ నా చేతిలో ఉంది. అందులో మెట్లన్నీ వరసగా ఉన్నాయి. ఆవిడ ఒక బిల్లు తెరిచి, అందులో లేని పని ఒకటి చేసింది. విజయవాడలో, హైదరాబాద్‌లో రెండు చోట్లా గోడౌన్ ఉన్న సప్లయర్ బిల్లు అది. ఆర్డర్ హైదరాబాద్ గోడౌన్ పేరున ఇచ్చారు, సరుకు విజయవాడ నుంచి వచ్చింది. ఆవిడ బిల్లు మీద జీఎస్‌టీ నంబరులో మొదటి రెండు అంకెలు చూసి ఫోన్ తీసింది. "సార్, ఇది 37తోని వచ్చింది, మన ఆర్డర్ల 36 ఉన్నది. ఐజీఎస్‌టీ ఏసిండ్రు. ఆర్డర్ మార్చకుండ ఎక్కిస్తే రేపు క్రెడిట్ కాడ లొల్లి అయితది" అని పర్చేజ్ వాళ్లకి చెప్పింది.

తెలియనివాళ్ల కోసం వివరిస్తాను. జీఎస్‌టీ నంబరులో 15 స్థానాలుంటాయి. మొదటి రెండూ రాష్ట్రం కోడ్: తెలంగాణకి 36, ఆంధ్రప్రదేశ్‌కి 37. తర్వాతి పదీ పాన్ నంబరు. కంపెనీ ఒకటే అయితే పాన్ ఒకటే, రెండు రాష్ట్రాల్లో నమోదు వేర్వేరు. ఇక్కడి గోడౌన్ నుంచి వస్తే పన్ను కేంద్రం వాటా సీజీఎస్‌టీ, రాష్ట్రం వాటా ఎస్‌జీఎస్‌టీగా చీలుతుంది, పక్క రాష్ట్రం నుంచి వస్తే అంతా కలిపి ఐజీఎస్‌టీ అవుతుంది. ఆవిడ అన్న క్రెడిట్ అంటే, కొన్నప్పుడు కట్టిన పన్నుని మనం కట్టాల్సిన పన్నులోంచి తగ్గించుకోవడం. ఆవిడకి ఇది పుస్తకంలో చదివి రాలేదు. ఆ సప్లయర్ సరుకు ఏ గోడౌన్‌లో ఉంటే అక్కణ్నుంచి పంపేస్తాడని ఏళ్ల తరబడి చూసి నేర్చుకుంది.

అలా కూర్చుంటే ఒక్కొక్కటే బయటికి వచ్చాయి. లారీల కంపెనీ ఒకటి ఏప్రిల్ రాగానే బిల్లు నంబర్లు మళ్లీ ఒకటి నుంచి మొదలుపెడుతుంది. చట్టం ప్రకారం అది తప్పేం కాదు, నంబరు ఆ ఆర్థిక సంవత్సరంలో మళ్లీ రాకుండా ఉంటే చాలు. కానీ రోబోకి సప్లయర్ పేరు, బిల్లు నంబరు మాత్రమే చూసి డూప్లికేట్ పట్టమని చెప్తే, నిరుడు ఏప్రిల్ బిల్లుతో ఈ ఏప్రిల్ బిల్లు కలిసిందని ఆపేస్తుంది. ఇంకొకరి బిల్లు నంబరు సున్నాలతో మొదలవుతుంది. ఎక్సెల్‌లో పడేసరికి ముందున్న సున్నాలు మాయమవుతాయి. ఒక విదేశీ సప్లయర్ తేదీలో నెల ముందు రాస్తాడు, రోజు తర్వాత. మే నాలుగో తారీకు కాస్తా ఏప్రిల్ ఐదు అయిపోతుంది. రెండూ ఉండే తేదీలే కాబట్టి ఏ సాఫ్ట్‌వేరూ ఎర్రరంగు చూపించదు. ఆవిడ అయితే కవరు మీద పేరు చూడగానే సర్దుకుంటుంది.

ఇవేవీ ఆ డాక్యుమెంట్‌లో లేవు. మేనేజర్‌కి తెలియవు, రోబో కంపెనీ వాళ్లకి అసలే తెలియవు. మా భాషలో వీటిని ఎక్సెప్షన్లు అంటాం. నన్నడిగితే అకౌంట్స్ పనిలో తెలివి అంతా అక్కడే ఉంది.

ఇప్పుడు ఒక లెక్క వేద్దాం. ఊహించుకున్న అంకెలే, కానీ లెక్క తీరు మాత్రం నిజం. నెలకి 2,000 బిల్లులు, సగటున బిల్లుకి 6 నిమిషాలు అనుకుందాం. మొత్తం 200 గంటలు. రోబో 80 శాతం బిల్లులు దానంతట అదే ఎక్కిస్తుందని అమ్మేవాళ్లు చెప్తారు. 80 శాతం అంటే 160 గంటలు మిగిలినట్టే అని డైరెక్టర్ గారు ప్రెజెంటేషన్‌లో రాసుకుంటారు. కానీ ఆ 6 నిమిషాలు సగటు. మిగిలిన 400 బిల్లులు చిక్కుబిల్లులు. వాటికి ముందునుంచీ ఒక్కోదానికి 15 నిమిషాలు పడుతోంది. అంటే 100 గంటలు వాటికే. తేలిక బిల్లులు 1,600కీ కలిపి పట్టింది మిగతా 100 గంటలు. రోబో ఆదా చేసింది ఈ తేలిక బిల్లుల వంద గంటలే. అందులోంచి రోబోని చూసుకునే మనిషి సమయం తీసేయాలి. 160 గంటలు మిగులుతాయనుకుని ఆ పని చేసేవాళ్లని పంపించేస్తే ఏమవుతుందో మీరే లెక్క వేసుకోండి. చిక్కుబిల్లులు 400 అలాగే ఉంటాయి, వాటి గుట్టు తెలిసినవాళ్లు ఉండరు.

ఆ బిల్లులు ఏమవుతాయి? ఎక్సెప్షన్ క్యూలో కూర్చుంటాయి. కంప్యూటర్‌లో అది ఒక వరస. బయట అది బాలానగర్‌లో లేత్ మెషిన్ల మీద విడిభాగాలు చేసే చిన్న షెడ్డు యజమాని డబ్బు. బిల్లు మీద పర్చేజ్ ఆర్డర్ నంబరులో ఒక అక్షరం తేడా వచ్చిందని రోబో పక్కన పెడుతుంది. శనివారం పనివాళ్లకి కూలి డబ్బులు ఇవ్వాల్సిన ఆ మనిషి కంపెనీకి ఫోన్ చేస్తే "సిస్టమ్‌లో ఉందండీ" అంటారు. చిన్న పరిశ్రమలకి ఒప్పందం ఉన్నా 45 రోజులు దాటకుండా చెల్లించాలని 2006 నాటి చట్టం చెప్తోంది. ఆ గడువు దాటితే, చెల్లించేదాకా ఆ ఖర్చుని ఆదాయపు పన్ను లెక్కలో చూపించుకోవడానికి వీల్లేదని 2024 ఏప్రిల్ నుంచి నిబంధన కూడా వచ్చింది. కాబట్టి నేను ఎక్కడికి వెళ్లినా మొదట అడిగేది రోబో రోజుకి ఎన్ని బిల్లులు ఎక్కించిందని కాదు. క్యూలో అన్నిటికన్నా పాత బిల్లు ఎన్ని రోజులది, దాన్ని చూడాల్సిన మనిషి పేరేంటి అని అడుగుతాను. ఆ రెండో ప్రశ్నకి చాలా చోట్ల జవాబు ఉండదు.

రోబో స్క్రీన్‌ని ఎలా చూస్తుందో కూడా కొంచెం చెప్పాలి. లేకపోతే అది ఎందుకు పడిపోతుందో అర్థం కాదు. మీకు స్క్రీన్ మీద సబ్మిట్ బటన్ కనిపిస్తుంది. రోబోకి ఆ బటన్ వెనక ఒక చిరునామా ఉంటుంది. ఏ విండోలో, ఏ పెట్టెలో, ఏ పేరుతో ఉందో అని. సెలెక్టర్ అంటారు దాన్ని. సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ వచ్చి ఆ చిరునామా మారితే, బటన్ మీ కళ్లముందే ఉన్నా రోబోకి కనబడదు. ప్రభుత్వ పోర్టల్‌లో అప్పుడప్పుడూ ముందుగా ఒక ప్రకటన పెట్టె వచ్చి నిలబడుతుంది కదా, మీరు దాన్ని మూసేసి ముందుకెళ్తారు. దాని సంగతి చెప్పకపోతే రోబో అక్కడే ఆగిపోతుంది.

ఆగిపోవడం మంచిదే. ఆగకపోవడంతోనే ప్రమాదం. ఒక రకం చెప్తాను, అకౌంట్స్ వాళ్లు తప్పక గుర్తుపెట్టుకోండి. రోబో బిల్లు నింపి పోస్ట్ నొక్కింది. సర్వర్ నెమ్మదించి స్క్రీన్ బిగుసుకుంది. పని అయిందో లేదో రోబోకి తెలియదు. విఫలమైతే మళ్లీ చెయ్యి అని దానికి రాసి ఉంటుంది, మళ్లీ చేస్తుంది. బిల్లు రెండుసార్లు ఎక్కుతుంది, అదే చెల్లింపు అయితే డబ్బు రెండుసార్లు పోతుంది. మనిషి అయితే ఇక్కడ ఏం చేస్తుంది? లిస్టు తెరిచి ఎక్కిందో లేదో చూసుకుంటుంది. ఆ మెట్టు రోబోలోనూ ఉండాలి. నెట్‌వర్క్ పోయిందా, మళ్లీ ప్రయత్నించొచ్చు. బిల్లులో రేటు తప్పుందా, వందసార్లు ప్రయత్నించినా తప్పే, వెంటనే మనిషికి పంపాలి. ఈ రెండిటినీ వేరుగా చూడని రోబోని పనిలోకి దింపకూడదని నా గట్టి అభిప్రాయం.

యంత్రం ఆగకపోతే ఎంత దూరం పోతుందో చెప్పడానికి నైట్ క్యాపిటల్ కథ చాలు. అమెరికాలో షేర్ల వ్యాపార సంస్థ అది. వాళ్లది ఆర్‌పీఏ కాదు, ట్రేడింగ్ సాఫ్ట్‌వేర్. కానీ పాఠం ఒకటే. 2012 ఆగస్టు 1న కొత్త ప్రోగ్రాము ఎనిమిది సర్వర్లలో పెట్టాల్సింది, ఒకదాంట్లో పెట్టలేదు. అందులో ఎప్పటిదో వాడని పాత కోడ్ లేచి ఆర్డర్లు కురిపించింది. సుమారు 45 నిమిషాల్లో 44 కోట్ల డాలర్ల నష్టం. మనిషి తప్పు చేస్తే గంటకి పది తప్పులు చేస్తుంది. రోబో ఒకే తప్పుని తెల్లారేదాకా చేస్తుంది. అందుకే మొదటి రోజే అడగాలి: దీన్ని ఆపే బటన్ ఎక్కడుంది, రాత్రి రెండింటికి దాన్ని నొక్కే అధికారం ఎవరికుంది?

అధికారం అన్నాను కాబట్టి పాస్‌వర్డ్‌ల సంగతి కూడా చెప్పి ముందుకెళ్తాను. మన దగ్గర బ్యాంకుల నుంచి వచ్చిన మంచి అలవాటు ఒకటుంది, మేకర్, చెకర్. రాసేవాళ్లు ఒకరు, సరిచూసేవాళ్లు ఇంకొకరు. రోబో మేకర్ అయితే చెకర్ మనిషే కావాలి. రోబోకి దాని సొంత లాగిన్ ఉండాలి. మీ పేరుతో రోబో నడుస్తుంటే, రేపు జరిగే ప్రతి పొరపాటూ మీ ఖాతాలో పడుతుంది, దయచేసి ఒప్పుకోకండి. ఓటీపీ వచ్చే సిమ్‌ని రోబోకి కలపడం, క్యాప్చాని దొంగదారిన దాటించడం వద్దు. జీఎస్‌టీ పోర్టల్‌కి అనుమతి పొందిన సువిధ ప్రొవైడర్ల ద్వారా నేరుగా డేటా తెచ్చుకునే దారి ఉంది. ఇంకోటి చాలామంది గమనించరు. రోబో ఆగిన ప్రతిసారీ స్క్రీన్ ఫోటో తీసి దాచుకునేలా చాలా చోట్ల అమర్చుతారు. ఆ ఫోటోల్లో ఉద్యోగుల జీతాలు, పాన్ నంబర్లు, ఆసుపత్రుల్లో అయితే రోగుల వివరాలు ఉంటాయి. 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. ఆ ఫోల్డర్ ఎవరు తెరవగలరో ఈ వారమే వెళ్లి చూడండి.

ఇంతవరకూ కంపెనీ నాలుగు గోడల మధ్య మాట్లాడాను. ఇదే పద్ధతి ప్రజల మీదికి వెళ్తే ఏమవుతుందో ఆస్ట్రేలియా చూసింది. అక్కడ ప్రభుత్వ భృతి తీసుకున్నవాళ్ల ఏడాది ఆదాయాన్ని పన్ను శాఖ నుంచి తెచ్చి, రెండేసి వారాలకి సమానంగా పంచి, వాళ్లు చెప్పిన ఆదాయంతో పోల్చి, తేడా వస్తే బాకీ నోటీసు పంపారు. ఆరు నెలలు పనిచేసి ఆరు నెలలు ఖాళీగా ఉన్నవాడి జీతాన్ని ఏడాదంతా సమానంగా పంచితే లేని బాకీ పుడుతుంది. అంతకుముందు ఉద్యోగులు యజమానుల దగ్గర కనుక్కుని తేల్చేవారు. ఆ మెట్టుని తీసేశారు. రోబోడెట్ అని పేరుపడిన ఆ పథకం చట్టవిరుద్ధమని తేలింది, 2023 జూలైలో దానిమీద వేసిన రాయల్ కమిషన్ అనే విచారణ సంఘం నివేదిక కూడా వచ్చింది. మన తెలంగాణలో రద్దయిన లక్షల రేషన్ కార్డుల వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఆ కార్డులను మళ్లీ క్షేత్రస్థాయిలో పరిశీలించమని 2022 ఏప్రిల్‌లో కోర్టు చెప్పింది. ఇంటికి వెళ్లి తలుపు తట్టి చూడటం ఖర్చుతో కూడిన పనే. అయినా ఒక ముసలమ్మకి బియ్యం ఆగే చోట ఆ ఖర్చు పెట్టి తీరాలి.

ఇప్పుడు ఉద్యోగాల సంగతి. మీలో చాలామంది వచ్చింది దీనికోసమే అని నాకు తెలుసు. రోబో ఎవరి ఉద్యోగమూ తియ్యదు, పై స్థాయి పనికి పంపుతుంది అని అమ్మేవాళ్లు వేదికల మీద చెప్తారు. కొన్నిచోట్ల అలా జరగడం చూశాను. కొన్నిచోట్ల జరగకపోవడమూ చూశాను. తేడా రోబోలో లేదు, ముందుగా కాగితం మీద ఏం రాసుకున్నారన్న దాంట్లో ఉంది. నేను కోరేది ఇది. ఏ మనిషి పక్కన కూర్చుని పని నేర్చుకున్నామో, ఆ రోబోకి యజమానిగా ఆ మనిషి పేరే రాయాలి. నియమం మార్చాలంటే ఆవిడ సంతకం కావాలి. ఆవిడ చెప్పిన ఎక్సెప్షన్లన్నీ ఆవిడ పేరుతోనే ఒక పుస్తకంగా కంపెనీలో ఉండాలి. జీతం కూడా ఆ బాధ్యతకి తగ్గట్టు మారాలి. ఏళ్ల తరబడి పోగుచేసుకున్న తెలివిని నాలుగు మీటింగుల్లో రాయించుకుని, ఐదో మీటింగులో ఆ మనిషికి నోటీసు ఇవ్వడం నా దృష్టిలో అన్యాయం. కంపెనీకి నష్టం కూడా. వచ్చే ఏప్రిల్‌లో లారీల కంపెనీ నంబర్లు మళ్లీ ఒకటికి వస్తాయి, చెప్పేవాళ్లు ఉండరు.

నెలాఖరు క్లోజింగ్ మీలో ఎవరికి తెలియదు? జీఎస్‌టీలో ప్రతి నెలా 14న జీఎస్‌టీఆర్ 2బీ, అంటే సప్లయర్లు చూపించిన మన బిల్లుల జాబితా వస్తుంది, 20లోపు 3బీ, అంటే నెలవారీ పన్ను రిటర్న్ వెయ్యాలి. మధ్యలో ఆరు రోజులు. సప్లయర్ తన రిటర్న్‌లో చూపించని బిల్లుకి 2022 జనవరి నుంచి క్రెడిట్ రాదు కాబట్టి, వేల వరసలు ఒక్కొక్కటే కలిపి చూడాలి. ఆ ఆరు రోజులు ఇంట్లో పిల్లలు అమ్మ మొహం చూడరు. ఆ పోలిక పని రోబో రాత్రికి రాత్రి చేసి పొద్దునకి కలవనివాటి జాబితా ఇస్తే, ఆవిడ ఆ సప్లయర్లకి ఫోన్లు చేసుకుని ఆరింటికి మెట్రో ఎక్కొచ్చు. నేను ఈ పనిలో ఉన్నది దానికోసం. మిగిలిన గంటలు ఎవరి చేతికి వెళ్తాయన్నది ముందే తేల్చుకోమని అడిగేదీ అందుకే.

సమయం అయిపోతోంది, ప్రశ్నలు తీసుకుంటాను.

ప్రశ్న (బీకాం విద్యార్థి): సార్, ఇప్పుడు ఏఐ వచ్చింది కదా, పీడీఎఫ్‌లు అదే చదివేస్తోంది. ఇంకా ఆర్‌పీఏ నేర్చుకోవడం దండగ అంటున్నారు. అమీర్‌పేటలో కోర్సులో చేరాలా వద్దా?

జవాబు: బాబూ, ఏఐ వచ్చాక చదవడం నిజంగానే బాగుపడింది. వంకరగా తీసిన ఫోటోలోంచి కూడా అంకెలు తీస్తోంది. కానీ 1,08,500ని 1,80,500 అని చదివినప్పుడు కూడా అంతే ధీమాగా చెప్తుంది. అందుకని చదివింది సరైనదో కాదో లెక్కతో పట్టుకోవాలి. పన్ను ముందు విలువకి పన్ను కలిపితే మొత్తం రావాలి. జీఎస్‌టీ నంబరులో పదిహేనో అక్షరం ముందున్న పద్నాలుగింటి నుంచి లెక్కగట్టి పెట్టేది, అది సరిపోకపోతే ఎక్కడో తప్పు చదివినట్టే. చదవడం ఏఐకి ఇవ్వు, సరిచూడటం నియమానికి ఇవ్వు, తేడా వస్తే మనిషికి పంపు. ఇక కోర్సు సంగతి. టూల్ నేర్చుకోవడానికి పెద్ద డబ్బు అక్కర్లేదు. మైక్రోసాఫ్ట్ వాళ్ల పవర్ ఆటోమేట్ డెస్క్‌టాప్‌ని 2021 నుంచి విండోస్‌తో ఉచితంగా ఇస్తున్నారు, యూఐపాత్‌కి కూడా ఉచిత ఎడిషన్ ఉంది. ముందు ఏదైనా ఆడిటర్ గారి ఆఫీసులో కొన్ని నెలలు బిల్లులు ఎక్కించు. ఏది ఎందుకు కలవదో నీ చేతికి తెలిశాక టూల్ పట్టుకో. ఆ రెండూ తెలిసినవాళ్లు మాకు దొరకడం లేదు.

ప్రశ్న (బ్యాంకులో రిటైరైన ఒకావిడ): మా బ్యాంకుల్లో కంప్యూటర్లు వచ్చినప్పుడు కూడా ఉద్యోగాలు పోతాయని భయపడ్డాం, ధర్నాలు చేశాం. తర్వాత అలాంటిదేం జరగలేదు. ఇదీ అంతేనంటారా?

జవాబు: అమ్మా, అంతే అని చెప్పి మిమ్మల్ని ఊరడించలేను. మీ కాలంలో రెండు విషయాలు వేరు. బ్యాంకులు అప్పుడు పెరుగుతున్నాయి, పని కంప్యూటర్ మింగినా కొత్త బ్రాంచీల్లో పని పుట్టింది. రెండోది, మీకు యూనియన్ ఉంది. 1983లో బ్యాంకుల సంఘమూ యూనియన్లూ కూర్చుని ఏ మేరకు యంత్రాలు పెట్టాలో ఒప్పందం రాసుకున్నారు. ఆ తర్వాత బ్యాంకుల్లో కంప్యూటర్ల మీద వేసిన రంగరాజన్ కమిటీ నివేదిక వచ్చింది, మెల్లగా అడుగులు పడ్డాయి. ఇవాళ బ్యాక్ ఆఫీసులో కాంట్రాక్టు మీద ఉన్న పిల్లకి అలా ఎదురుగా కూర్చుని మాట్లాడే బల్ల లేదు. ధర్నాలు దండగ అని ఇప్పుడు అనేవాళ్లున్నారు. మీరు అడిగి సంపాదించుకున్న ఆ వ్యవధే చాలామందిని కాపాడిందని నా నమ్మకం. ఆ అనుభవం మీరు ఈ పిల్లలకి చెప్పాలి. నేను చెప్పేదానికన్నా వాళ్లకి అది ఎక్కువ పనికొస్తుంది.

ప్రశ్న (రాణిగంజ్‌లో హార్డ్‌వేర్ దుకాణం యజమాని): నాకు నెలకి నలభై, యాభై కొనుగోలు బిల్లులు వస్తాయి. ట్యాలీలో మా తమ్ముడే ఎక్కిస్తాడు. ఒకాయన వచ్చి రోబో పెట్టించుకోమంటున్నాడు. పెట్టించుకోనా?

జవాబు: వద్దన్నా. యాభై బిల్లులకి రోబోని చూసుకునే ఖర్చు గిట్టుబాటు కాదు. ఆ డబ్బుకి మీరు చేయగలిగినవి వేరే ఉన్నాయి. మీ సప్లయర్లలో ఏటా ఐదు కోట్లు దాటి అమ్మేవాళ్లకి 2023 ఆగస్టు నుంచి ఈ-ఇన్‌వాయిస్, అంటే ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేసిన బిల్లు తప్పనిసరి. ఆ బిల్లు మీద క్యూఆర్ కోడ్‌లో ఇద్దరి జీఎస్‌టీ నంబర్లు, బిల్లు నంబరు, తేదీ, మొత్తం విలువ అన్నీ ఉంటాయి, స్కాన్ చేస్తే టైపింగ్ పొరపాట్లు చాలావరకు పోతాయి. మిగతా వాళ్లని బిల్లు ఫోటో బదులు పీడీఎఫ్ పంపమనండి. 14వ తారీకు దాటగానే పోర్టల్ నుంచి 2బీ దించుకుని ట్యాలీతో కలిపి చూసుకోమని తమ్ముడికి చెప్పండి. కలవని సప్లయర్ల పేర్లు ఒక నోట్‌బుక్‌లో రాయమనండి, కారణంతో సహా. ఆరు నెలలు అలా రాశాక ఆ నోట్‌బుక్ పట్టుకుని రండి, అప్పుడు కూర్చుని చూద్దాం.